పరిశీలించినవారు: టీచరమ్మ

మంగళవారం పొద్దున పదింటికి మా ఆఫీసు వాట్సాప్ గ్రూపులో టీచరమ్మ పోయిందన్న కబురు వచ్చింది. గిద్దలూరులో, ఇంట్లోనే, స్టవ్ మీద పాలు పెట్టి అక్కడే కూలబడిందట. ఆస్పత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఆ మెసేజ్ కింద వరసగా దండాలు మొదలయ్యాయి. దండం బొమ్మ పెట్టడానికి ఒక వేలు చాలు. ఆమె బతికుండగా ఆ గ్రూపులో ఆమె ఏది అడిగినా జవాబిచ్చినవాడు లేడు. "గొప్ప మనిషిని కోల్పోయాం" అని మా ఓనరు రాశాడు. అది చదివి నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే నేనూ ఒక దండం పెట్టాను.

ఇది చదివేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాను, నాకు ఆమె అంటే గిట్టేది కాదు. మూడేళ్లు ఒకే గదిలో కూర్చున్నాం, ఆ మూడేళ్లలో ఎక్కువభాగం పోట్లాడుకున్నాం. పోయింది కదా అని ఇప్పుడు నేను తియ్యటి మాటలు రాస్తే ఆమే లేచి వచ్చి కొట్టేయిస్తుంది. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మా ఆఫీసులో ఆమె పేరు మీద ఒక తప్పు ఉంది. అది ఆమె చేసింది కాదు, నేను చేసింది. ఆమె బతికుండగా ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు.

బడిపిల్లలు రాసుకునే పలకలకు పేరుపడ్డ మార్కాపురంలో, ఒక పలకల గోడౌన్ పైన మా ఆఫీసు. కింద పలకలకు చట్రాలు కొడుతుంటారు, పైన మేము కోడ్ కొడుతుంటాం. చప్పుడు వాళ్లది ఎక్కువ, తప్పులు మావి ఎక్కువ. బోరు మోటారుకు తగిలించే ఒక పెట్టె మేము తయారు చేస్తాం. దాంతో పొలానికి పోకుండా ఫోన్లోంచే మోటారు వేయొచ్చు, ఆపొచ్చు. వేరేవాళ్లు తమ సొంత ప్రోగ్రాములను కూడా మా పెట్టెతో కలుపుకోవచ్చు. ఆ కలిపే దారినే ఏపీఐ అంటారు. దాన్ని ఎలా వాడాలో చెప్పే పత్రం ఒకటి ఉంటుంది. పేజీలో పైన ఒక పట్టిక, ఏ అంకె దేనికో అందులో రాసి ఉంటుంది. కింద ఒక ఉదాహరణ, చూసి కొట్టుకోవడానికి వీలుగా నాలుగు లైన్ల కోడ్. పైన చెప్పిందీ కింద చూపించిందీ ఒకటేనా అని చూడడం టీచరమ్మ పని. చూసి, సరిపోయిందనిపిస్తేనే పేజీ చివర "పరిశీలించినవారు" అన్నచోట తన పేరు వేసేది.

అంతకుముందు ఆమె గిద్దలూరులో ఒక జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేది. కాలేజీ మూతపడితే మా దగ్గర చేరింది. రోజూ కంభం మీదుగా బస్సులో వచ్చేది. యాభై దాటిన మనిషి, గట్టి గొంతు, మనిషిని చూడగానే హాజరు తీసుకుంటున్నట్టు ఒక చూపు. కోడ్ రాసేవాళ్లం మేము ఇంతమందిమి ఉంటే, ఉదాహరణలు చూడడానికి ప్రత్యేకంగా ఒక మనిషా అని నవ్వుకున్నాను. చేరిన మూడో రోజే నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"అబ్బాయ్, నీ ఉదాహరణ నడవట్లా."

"నా సిస్టంలో నడుస్తోంది మేడం."

"నీ సిస్టంలో నడిచేదాన్ని నువ్వే పెట్టుకో. రేపు కొమరోలులో ఎవుడో ఒకడు ఇది చూసి కొట్టుకుంటాడు. వాని కాడ నడవాల."

"పైన పట్టిక చదువుకుంటే వాడికే తెలుస్తుంది."

"చదవడు. జనం పైన ఉండేది చదవరు నాయనా, కింద ఉండేది ఎత్తుకుపోతారు. నువ్వు మొన్న కొత్త ఫోన్ కొన్నావు గదా. దాంతో ఇచ్చిన పుస్తకం చదివినావా?"

చదవలేదు. ఆ పుస్తకాన్ని డబ్బాతో సహా పారేశాను. అందరూ నావైపు చూసి నవ్వారు. ఆ రోజు నుంచి నాకు ఆమె మీద కసి పట్టుకుంది.

ఆమె పనిచేసే పద్ధతి ఒకటి ఉండేది. మా ఊళ్లో తప్ప ఇంకెక్కడా ఎవరికీ ఆ ఆలోచన రాదు. కింద గోడౌన్లోంచి ఒక పలక తెచ్చుకుంది. ముందు పేజీ పైభాగం మాత్రమే చదివేది, కింద ఉదాహరణను ఒక కాగితంతో కప్పేసి. పైన రాసిన ప్రకారం ఏం పంపాలో, ఏం జవాబు రావాలో లెక్కగట్టి బలపంతో పలక మీద రాసుకునేది. ఆ తర్వాత కాగితం తీసి, ఉదాహరణను అక్షరం అక్షరం చేత్తో కొట్టి నడిపేది. కాపీ చేసి అతికించడం ఆమెకు పడదు. "అతికిస్తే కన్ను దాని మీద ఆనదు. కొట్టితే ఆనుతాది" అనేది. వచ్చిన జవాబూ పలక మీద రాతా ఒకటైతే తడిగుడ్డతో తుడిచేసేది. కాకపోతే ఆ పలకను అట్లే తెచ్చి నా కీబోర్డు ముందు నిలబెట్టి పోయేది. టీ ఇచ్చేవాడి దగ్గర్నుంచి ఓనరు దాకా దారిన పోయే ప్రతివాడూ దాన్ని చదివేవాడు. ముప్పై రెండేళ్ల వయసులో, నలుగురిలో, పలక మీద తప్పు రాయించుకోవడం ఎలా ఉంటుందో పడినవాడికే తెలుస్తుంది.

ఒకసారి కసికొద్దీ ఆ పలకను బీరువా వెనక దాచేశాను. మర్నాడు ఇంకోటి తెచ్చుకుంది. మార్కాపురంలో పలక దాచి ఎవరిని సాధిస్తాను? "నాలుగు తెచ్చి పెట్టినాలే అబ్బాయ్, నీకు శ్రమ లేకుండా" అంది.

పత్రంలో "మొదలైనవి" అన్న మాట కనిపిస్తే ఆమెకు పూనకం వచ్చేది. "మొదలైనవి అని రాసినావంటే మిగతావి నీకు తెలీదని అర్థం. తెలుసుకోని రాయి, లేకపోతే రాయొద్దు." "సాధారణంగా" అని రాస్తే, "సాధారణంగా కానప్పుడు ఏమైతాదో అది రాయి" అనేది. ఒకసారి నేను రాసిన భాగం మొత్తం, నలభై ఉదాహరణలు, వరసగా కొట్టిచూసి ఏడు తప్పులున్నాయని తేల్చింది. ఆ ఏడూ ఒక చీటీ మీద రాసి "రేపటికి" అని మడిచి నా చేతిలో పెట్టింది. ఓనరుకు చెప్పలేదు. అప్పుడు దాన్ని నేను అవమానం కిందే లెక్కేసుకున్నాను. చెప్పకపోవడం కూడా ఒక మర్యాద అని నాకు తట్టలేదు.

మధ్యాహ్నం క్యారియర్ విప్పి, జొన్నరొట్టె సగం విరిచి, ఉల్లికారం పెట్టి, నా డబ్బా మూత మీద వేసేది. కావాలా అని అడిగేది కాదు. రొట్టె పెడుతూనే తిట్టేది, తింటూనే నేను తిట్టించుకునేవాణ్ని. ఆ రొట్టె బాగుండేది, ఆ మాట ఒప్పుకోవడానికి ఇప్పుడు కూడా నాకు మనసు రావడంలేదు. రెండో ఏడు గడిచేసరికి నేనూ ఉదాహరణలు చేత్తో కొట్టిచూడడం మొదలుపెట్టాను, ఆమె బస్సు వచ్చేలోపు, ఎవరూ చూడకుండా. పలక రావడం తగ్గింది. పనిలో నాకంటూ ఒక శ్రద్ధ ఏదైనా ఉంటే అది ఆమె పెట్టిందే.

ఇక తప్పు సంగతి.

మోటారు ఎంతసేపు తిరగాలో చెప్పే అంకె మా పాత వెర్షన్లో సెకన్లలో ఉండేది. అరగంట కావాలంటే 1800 అని పంపాలి. రైతులు సెకన్లు లెక్కపెట్టుకోరు కదా, కొత్త వెర్షన్లో నిమిషాలు చేద్దాం అన్నది నా ఆలోచన. ఆలోచనలో తప్పు లేదు. అప్పుడు టీచరమ్మ కంటి ఆపరేషన్ కోసం రెండు వారాలు సెలవులో ఉంది. ఆమె చూడనిదే ఏ పేజీ బయటికి పోకూడదని ఆఫీసులో రూలు. ఆమె వచ్చేదాకా ఆగితే మళ్లీ పలక. ఆమె లేనప్పుడే పని కానిచ్చేస్తే పీడా పోతుందనుకున్నాను. ఉన్నమాట రాస్తున్నాను, తొందరేమీ లేదు, ఓనరు అడగలేదు. ఆమె మీద పంతంతో చేశాను.

పట్టికలో "సెకన్లు" తీసి "నిమిషాలు" అని రాశాను. కింద ఉదాహరణలో పాత వెర్షన్ అడ్రసు బదులు కొత్త వెర్షన్ అడ్రసు వచ్చేలా ఒక్క దెబ్బతో మార్చేశాను. అందువల్ల అది చూడడానికి కొత్తగానే కనిపించింది. అందులోని 1800 మాత్రం అట్లాగే ఉండిపోయింది. నడిపిచూశాను, "సరే" అని జవాబు వచ్చింది, చాలనుకున్నాను. పాత పేజీ మీదే మార్పులు చేశాను కాబట్టి చివర "పరిశీలించినవారు: టీచరమ్మ" అన్న లైను కూడా ఉంది. దాన్ని చూశాను. తీసేయలేదు. తీసేస్తే ఎందుకు తీశావని ఎవరైనా అడుగుతారని ఉంచేశాను.

తొమ్మిది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది.

"సార్, నేను పుల్లలచెరువు అవతల నుంచి మాట్లాడతాండా. మా ఊరి నీళ్ల బోరు నేనే చూసుకుంటా. మోటారు కాలిపోయింది."

అతను మెకానిక్. సొంతంగా చిన్న ప్రోగ్రాము రాసుకుని ఊరి బోరును మా పెట్టెతో నడుపుతున్నాడు. కొత్త వెర్షన్‌కు మారమని మేమే అందరికీ మెసేజ్ పెట్టాం, మారాడు. ఆ బోరులో అరగంటకు సరిపడా నీళ్లే ఉంటాయి. ఆపి, మళ్లీ ఊరనివ్వాలి. అరగంటకు ఆగిపోతుందన్న ధైర్యంతో అతను చుట్టాల పెళ్లికి పోయాడు. మా పెట్టె మాత్రం దాన్ని ముప్పై గంటలు తిప్పమన్నట్టు అర్థం చేసుకుంది. నీళ్లు లేని బోరులో మోటారు తిరిగి తిరిగి కాలిపోయింది. ఆ ఊరికి తాగునీళ్ల బోరు అదొక్కటే.

"పట్టికలో నిమిషాలు అని స్పష్టంగా ఉంది కదా, చూడలేదా?" అన్నాను. నా గొంతులో ఉన్న పొగరు నాకే వినిపించింది.

"చూసినా సార్. పైన నిమిషాలు అని ఉండాది, కింద 1800 అని ఉండాది. ఎవుర్ని నమ్మాల? చివర్న టీచరమ్మ పేరు ఉండాది. ఆమె చూసినాక తప్పు ఉండదులే అని కింద ఉండేదే కొట్టినా."

ఆ సాయంత్రం ఓనరు మమ్మల్నందరినీ కూర్చోబెట్టాడు. "ఈ పేజీ చూసిందెవరు?" అని అడిగాడు. "టీచరమ్మ పేరే ఉంది సార్" అన్నాను. సెలవు పెట్టకముందే ఆమె చూసి ఉంటుందని అందరూ అనుకున్నారు. అబద్ధం కాదు, ఆ పేజీలో ఆమె పేరే ఉంది. ఇంత నీచమైన నిజం నా జన్మలో ఇంకోటి చెప్పలేదు.

ఆమె నల్లకళ్లద్దాలతో సోమవారం వచ్చింది. నేరుగా ఆ పేజీ తెరిచింది. ఏ లైను ఎవరు ఎప్పుడు మార్చారో చూపించే చిట్టా ఒకటి ఉంటుంది. ఓనరుకు దాని సంగతి తెలీదు, ఆమెకు తెలుసు. తెరిచి, కళ్లద్దాలు పైకెత్తి, మొహం స్క్రీన్‌కు ఆనించి చదివింది. ప్రతి లైను పక్కనా నా పేరే. అంతలో ఓనరు లోపలికి పిలిచాడు. తలుపు మూసుకుంది. ఇక నన్ను పిలుస్తారని లేచి నిలబడే ఉన్నాను. పిలవలేదు. ఆమె బయటికి వచ్చి నా టేబుల్ దగ్గర ఆగింది.

"నాయనా, నాకు చెప్పేదేమన్నా ఉందా?"

"లేదు మేడం."

"సరే" అంది.

అంతే. మర్నాటి నుంచి ఆమెను పత్రాల పని నుంచి తీసేసి కస్టమర్ల ఫోన్లు ఎత్తే సీటులో వేశారు. ఏ పేజీ చివరా ఆమె పేరు లేకుండా తీసేశారు. పలకలు నాలుగూ సొరుగులో పెట్టి తాళం వేసుకుంది. నా ముందు పలక నిలబడలేదు, నా మూత మీద రొట్టె పడలేదు. మొదటి వారం హాయిగా అనిపించింది. రెండో వారానికి ఆ హాయి పోయింది. నాలుగడుగుల దూరంలో కూర్చుని, చెవికి ఫోన్ తగిలించుకుని, ఎవరికో ఉదాహరణను అక్షరం అక్షరం నోటితో చెప్పి కొట్టిస్తూ ఉండేది. నావైపు తిరిగి తిట్టేది మాత్రం కాదు.

దీనికి ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే. పలక ఎత్తి నా నెత్తిన కొట్టినా బాగుండేది. ఓనరుకు చెప్పినా బాగుండేది. ఒక్క తిట్టు తిడితే ఆ ఊపులో కక్కేసేవాణ్ని. నన్ను నాకే వదిలేసి పది నెలలు ఎదురుచూసింది. ఇవ్వాళ చెప్తాను, రేపు చెప్తాను అని నేనూ పది నెలలు గడిపాను. ఆ పొద్దున పాలు పెట్టి పోయింది. ఇంకొక్క వారం ఆగితే ఏం పోయేది అని ఆమెనే అడగాలనిపిస్తుంది. ఎంత సిగ్గులేని ప్రశ్నో తెలిసే అడుగుతున్నాను.

గిద్దలూరు పోయి వచ్చిన మర్నాడు ఓనరు గదిలోకి వెళ్లి అంతా చెప్పాను. చిట్టా తెరిచి చూపించాను. ఆయన చూడలేదు.

"ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ? పోయింది గదా మనిషి. ఆమెకి ఒరిగేదేముంది?"

"ఆమె పేరు సార్."

"పేరేంది, మళ్లీ రాయించమంటావా? పో, పని చూసుకో పో."

గొడవ పెట్టుకున్నాను. అన్న మాటలు ఇక్కడ రాసేవి కావు. గొడవయ్యాక ఆయన్ని అడక్కుండానే ఆ పేజీ తెరిచి, అన్నిటికంటే పైన, ఉదాహరణలో తప్పు చేసింది నేననీ, టీచరమ్మ ఆ పేజీని చూడనే లేదనీ నా పేరుతో రాసి పెట్టాను. అయినా మనసు కుదుటపడలేదు. పేజీ పైన ఉండేదాన్ని జనం చదవరని చెప్పింది ఆమే కదా. ఆదివారం బండి తీసి పుల్లలచెరువు దారి పట్టాను.

మెకానిక్ బోరు దగ్గరే ఉన్నాడు, యాభై ఏళ్ల మనిషి, చేతులకు గ్రీజు. ఫలానా అని చెప్పుకున్నాను.

"ఆ పేజీ రాసింది నేను. తప్పు నాది. టీచరమ్మ దాన్ని చూడనే లేదు" అన్నాను.

"తెలుసు నాయనా" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నింపాదిగా చెప్పాడు. కొత్త మోటారు దించిన రోజు ఆమె వచ్చిందట. నల్లకళ్లద్దాలు పెట్టుకుని, ఒక్కతే, బస్సులో పుల్లలచెరువు దాకా, అక్కణ్నుంచి ఆటోలో. ట్యాంకరు కోసం బిందెలతో నిలబడిన ఆడవాళ్లు ఆమె మీద విరుచుకుపడ్డారట. మా ఆఫీసు తప్పే అమ్మా అని నిలబడి అన్నీ పడిందట. తర్వాత అతని చేత 30 అని కొట్టించి మోటారు వేయించిందట.

"అట్టా ఆ బండ మీద కూసున్నది. టీ తాగుదాం రా అక్కా అన్నా. ఆగిందాకా లేవను పో అన్నది. ఎండ మొగం మీదనే. ఆపరేషన్ కన్ను నీళ్లు కారతానే ఉండాది, తుడుచుకుంటా వాచీ చూస్తానే ఉండాది. అరగంటకి మోటారు ఆగినాక లేసింది."

నేను ఆ బండవైపు చూడలేకపోయాను.

"ఇంతకీ రాసింది ఎవురక్కా అని అడిగినా. వాడే వస్తాడులే, వచ్చి చెప్తాడు, కొంచెం టైము పడతాది వానికి అన్నది." అతను గుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. "ఆ వారమే వస్తావనుకున్నా. ఇప్పుడు ఆమె పంపిందా నిన్ను?"

జవాబు చెప్పేలోపు నీళ్లకు జనం వచ్చారు. అతను మోటారు వేశాడు. ముందున్నామె పైపు కింద బిందె పెట్టి, నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవురన్నా ఈయన?"

"టీచరమ్మ మనిషి."

ఆమె మొహం విచ్చుకుంది. కొంగు నడుముకు చెక్కుకుంటూ నావైపు వచ్చింది. "ఆయమ్మ రాలేదా? ఆ పొద్దు మేము నోటికొచ్చినట్టల్లా తిట్టినాము, పాపం. కన్ను నయమైందా ఆయమ్మకి?"

మెకానిక్ కూడా నావైపు చూశాడు. ఇద్దరూ నా జవాబు కోసం నిలబడ్డారు. బిందె నిండి నీళ్లు నేల మీదికి పొర్లుతున్నాయి. ఆ ఊళ్లో అన్ని నీళ్లు వృథాగా పోతుంటే, ఒక్కరూ చెయ్యి చాపి ఆ బిందె జరపలేదు.